ఎన్ని వాట్ల దగ్గర? రాబోయే డెస్క్‌టాప్ ప్రాసెసర్ల శాతాల వెనుక లెక్క

2024 ఆగస్టు 8న ఏఎండీ రైజెన్ 7 9700ఎక్స్ అనే ఎనిమిది కోర్ల (విడివిడిగా లెక్కలు చేసే భాగాల) ప్రాసెసర్‌ను అమ్మకానికి పెట్టింది. అంతకు రెండు నెలల ముందు తైపీలో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో, ఇందులోని జెన్ 5 కోర్లు పాత జెన్ 4 కోర్ల కంటే ఒక్కో క్లాక్‌కు (చిప్ లోపలి గడియారం ఒక్కో టిక్కుకు) సగటున 16 శాతం ఎక్కువ పని చేస్తాయని కంపెనీ ప్రకటించింది. జనం ఆ 16ను గుర్తుపెట్టుకున్నారు. తీరా రివ్యూలు వచ్చేసరికి ఆటల్లో తేడా ఐదు శాతం చుట్టుపక్కలే తేలింది, కొన్ని ఆటల్లో అదీ లేదు. అన్ని కోర్లనూ వాడుకునే రెండరింగ్ లాంటి పనుల్లోనూ జెన్ 4 కోర్లున్న పాత 7700ఎక్స్ కంటే కొద్దిగానే ముందుంది. ఇంత హడావిడీ దీనికోసమేనా అని పెదవి విరిచే వీడియోలతో యూట్యూబ్ నిండిపోయింది.

ఆ రివ్యూల్లో చాలావాటిలో ఒక సంఖ్య అడుగున పడిపోయింది. 7700ఎక్స్ గరిష్ఠంగా 142 వాట్లు లాగుతుంది. 9700ఎక్స్‌ను ఏఎండీ 88 వాట్ల దగ్గరే కట్టేసింది. అంటే 38 శాతం తక్కువ కరెంటుతో అదే పని, ఆ పైన ఇంకాస్త. దాన్ని చూపించి, పొదుపులో ఇది పెద్ద ముందడుగని మరో వర్గం వాదించింది.

ఆ వాదన కూడా నిలబడలేదు. 2023 జనవరి నుంచి మార్కెట్లో రైజెన్ 7 7700 అని చివర ఎక్స్ లేని చిప్ ఒకటి ఉంది. పాత జెన్ 4 కోర్లే, పాత డిజైనే, కానీ దాని పరిమితి కూడా 88 వాట్లే. విడుదలైనప్పుడు దాని ధర 329 డాలర్లు, 9700ఎక్స్ ధర 359. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే 38 శాతం పొదుపులో చాలా భాగం ఆవిరైపోయింది. ఆ పొదుపులో పెద్ద వాటా కొత్త డిజైన్ తెచ్చింది కాదు, చిప్‌ను తక్కువ వాట్ల దగ్గర నడపడం వల్ల వచ్చింది. ఆ పని పాత చిప్‌తోనూ చేయొచ్చు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, తక్కువ వాట్ల ఎకో మోడ్ పెడితే 7700ఎక్స్ కూడా దాదాపు 7700 అయిపోతుంది.

రాబోయే ప్రాసెసర్ల గురించి వినబడే ప్రతి శాతాన్నీ ఈ ముగ్గురు అన్నదమ్ముల పక్కన పెట్టి చూడాలి. ఒక తరం చిప్‌కు వేగం ఇంత, పొదుపు ఇంత అని రెండు విడి సంఖ్యలు ఉండవు. ఉన్నది ఒకే గ్రాఫు. అడ్డంగా వాట్లు, నిలువుగా పని. కొత్త తరం వచ్చినప్పుడు ఆ గీత కొంచెం పైకి జరుగుతుంది. ఆ గీత మీద ఏ చోట నిలబడి అమ్మాలో తేల్చేది మార్కెటింగ్ విభాగం. చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీ తన ప్రకటనల్లో ఈ విషయం దాచదు. 2 నానోమీటర్ల ప్రక్రియలో (ఈ సంఖ్య తయారీ పద్ధతి తరం పేరు, చిన్నదైతే కొత్తది), 3 నానోమీటర్ల రకంతో పోలిస్తే, అదే కరెంటుకు 10 నుంచి 15 శాతం ఎక్కువ వేగం వస్తుందనీ, ఆ వేగం అక్కర్లేదనుకుంటే 25 నుంచి 30 శాతం కరెంటు మిగుల్చుకోవచ్చనీ చెబుతుంది. రెండూ కలిపి ఇస్తానని ఏనాడూ అనలేదు. వార్తగా మారేసరికి మాత్రం 15 శాతం వేగం, 30 శాతం పొదుపు అని ఒకే వాక్యంలోకి వచ్చేస్తాయి.

గీత పైభాగం ఎందుకంత ఖరీదైనదో చూడాలంటే చిన్న గుణకారం చాలు. చిప్ పనిచేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు క్లాక్ వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో వర్గంగా పెరుగుతుంది. క్లాక్‌ను 10 శాతం పెంచడానికి వోల్టేజీని కూడా 10 శాతం పెంచాల్సి వస్తే ఖర్చు 1.1 ఘనం, అంటే 33 శాతం పెరిగినట్టు. పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం కరెంటు. 5 గిగాహెర్ట్జ్ దాటాక వోల్టేజీ అంతకంటే వేగంగా ఎక్కుతుంది కాబట్టి బేరం ఇంకా అన్యాయంగా తయారవుతుంది.

కంపెనీల సొంత స్లైడ్లలోనే దీనికి సాక్ష్యం ఉంది. 2022లో రైజెన్ 9 7950ఎక్స్‌ను పరిచయం చేస్తూ ఏఎండీ, పాత 5950ఎక్స్‌తో పోలిస్తే 65 వాట్ల స్థాయిలో 74 శాతం, 105 వాట్ల దగ్గర 37 శాతం, 170 వాట్ల దగ్గర 35 శాతం వేగం ఎక్కువని చూపించింది (ఇవి కంపెనీ పెట్టే తరగతి పేర్లు, చిప్ నిజంగా లాగే గరిష్ఠం వీటికంటే ఎక్కువ). ఒకే చిప్, ఒకే పోటీదారు, మూడు రకాల లాభం. ఇంటెల్ కూడా అదే ఏడాది, తన కోర్ ఐ9-13900కే 65 వాట్ల దగ్గరే, పాత 12900కే 241 వాట్లు తిని చేసే పనితో సమానంగా చేస్తుందని గొప్పగా చెప్పుకుంది. నాలుగో వంతు కరెంటుకు అదే పని! ఆ మాట చెప్పిన కంపెనీయే ఆ చిప్‌ను 253 వాట్ల పరిమితితో పెట్టెలో పెట్టి అమ్మింది. చాలా మదర్‌బోర్డులు ఆ పరిమితిని కూడా ఎత్తేసి పంపాయి.

అలా ఎందుకు అంటే, రివ్యూలో మొదట కనిపించేది వేగం బార్ కాబట్టి. పోటీ చిప్ కంటే మూడు శాతం ముందుండటానికి 80 వాట్లు అదనంగా పోయినా ఆ బార్ పొడవుగానే ఉంటుంది. వాట్ల పట్టిక ఎక్కడో ఎనిమిదో పేజీలో ఉంటుంది.

ఈ పందెం ఎక్కడ ముగిసిందో 2024లో అందరూ చూశారు. ఇంటెల్ 13, 14వ తరం చిప్పులు కొన్ని నెలల వాడకం తర్వాత ఆటల మధ్యలో ఆగిపోవడం, కంప్యూటర్ కుప్పకూలడం మొదలైంది. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసి కోరులోని క్లాక్ సర్క్యూట్‌ను ముందుగానే ముసలిదాన్ని చేస్తున్నాయని కంపెనీ చివరికి తేల్చింది. చిప్ లోపలి ప్రోగ్రాము అయిన మైక్రోకోడ్‌కు ఒకదాని వెనుక ఒకటి సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అదే ఏడాది మార్చిలో 6.2 గిగాహెర్ట్జ్ రికార్డుతో 14900కేఎస్‌ను విడుదల చేసిన కంపెనీ అది.

ఆ దెబ్బ తర్వాత అక్టోబరులో వచ్చిన యారో లేక్ తరంలో ఇంటెల్ దారి మార్చింది. కోర్ అల్ట్రా 9 285కే గరిష్ఠ క్లాక్‌ను 6 నుంచి 5.7 గిగాహెర్ట్జ్‌కు దించింది. ఒక్కో కోరు రెండు పనులను ఒకేసారి నడిపే హైపర్ థ్రెడింగ్‌ను తీసేసింది. చిప్‌ను కొన్ని ముక్కలుగా చేసి అతికించే పద్ధతిలో, కోర్లుండే ముక్కను సొంత ఫ్యాక్టరీల్లో కాకుండా టీఎస్‌ఎంసీ 3 నానోమీటర్ల ప్రక్రియలో చేయించింది. ఆటలు ఆడేటప్పుడు మొత్తం కంప్యూటర్ లాగే కరెంటు 14900కేతో పోలిస్తే బాగా తగ్గింది. రెండరింగ్‌లో వేగం పెరిగింది. ఇంజినీరింగ్ లెక్కన చూస్తే గౌరవించదగ్గ మెరుగుదలే.

కానీ ఆటల్లో సొంత పాత చిప్ కంటే వెనకబడింది. మెమరీ కంట్రోలర్‌ను కోర్లకు దూరంగా మరో ముక్కలో పెట్టడంతో ర్యామ్ నుంచి డేటా రావడానికి పట్టే సమయం పెరిగింది. ఆటలకు ఆ సమయమే ప్రాణం. విడుదల అనుకున్నట్టు జరగలేదని ఇంటెల్ ప్రతినిధులే బాహాటంగా ఒప్పుకున్నారు.

ఏఎండీ కూడా 9700ఎక్స్ విషయంలో వెనక్కి తగ్గింది. విమర్శలు వచ్చిన కొన్ని వారాలకే, కావాలనుకున్న వాళ్లు వారంటీ పోకుండా 105 వాట్ల తరగతికి, అంటే 7700ఎక్స్ లాగే గరిష్ఠంగా 142 వాట్ల దాకా పెంచుకునేలా బయోస్ అప్‌డేట్ ఇచ్చింది. బరువైన పనుల్లో దానివల్ల కొంత లాభం కనిపించింది, ఆటల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. పొదుపును ప్రధానంగా పెట్టి అమ్మబోయిన రెండు కంపెనీలకూ ఒకే ఏడాదిలో చేతులు కాలాయి. కాబట్టి రాబోయే తరంలో పై మోడళ్ల వాట్లు తగ్గుతాయన్న ఆశ పెట్టుకోవడం దండగ. తగ్గించగల శక్తి చిప్‌లో ఉంటుంది. తగ్గించి అమ్మే ధైర్యం ఎవరికీ ఉండదు.

వేగం పెరుగుతూ కరెంటు కూడా నిజంగా తగ్గిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. 2006 జులైలో వచ్చిన కోర్ 2 డుయో అలాంటిది. 65 వాట్ల ఆ చిప్, 130 వాట్ల దాకా తినే పెంటియం డీ మోడళ్లను అవలీలగా దాటేసింది. 2017 మార్చిలో మొదటి రైజెన్ మరొకటి. ఒక్కో క్లాక్‌కు 40 శాతం ఎక్కువ పని అని లక్ష్యం పెట్టుకుని, 52 శాతం సాధించామని ఏఎండీ ప్రకటించింది. అయితే ఆ రెండు గెంతులకూ ముందు గొయ్యి ఉంది. పెంటియం 4 కాలంలో ఇంటెల్ క్లాక్ వేగం ఒక్కటే లక్ష్యంగా పరిగెత్తి, 90 నానోమీటర్ల ప్రెస్కాట్ దగ్గర వేడికి ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పి 2004 అక్టోబరులో రద్దు చేసుకుంది. ఏఎండీకి ఆ గొయ్యి 2011 నాటి బుల్డోజర్. అంత లోతులో ఉన్నవాళ్లు మామూలు నేల మీదకు వచ్చినా అది యాభై శాతంగా కనబడుతుంది. ఇవాళ ఏఎండీ గోతిలో లేదు. అందుకే జెన్ 3లో 19, జెన్ 4లో 13, జెన్ 5లో 16 శాతం, అది కూడా కంపెనీ ఏరుకున్న ప్రోగ్రాముల సగటు. జెన్ 5 జాబితాలో ఒక ఆటకు 10 శాతం ఉంటే, ఎన్‌క్రిప్షన్ పరీక్ష ఒకదానికి 35 శాతం ఉంది. ఇలాంటివన్నీ కలిపితే వచ్చిన 16 ఎవరి కంప్యూటర్‌లోనూ అచ్చంగా కనిపించదు.

ఇంకో కారణం మరింత పాతది. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1974లో చూపించారు. ముప్పై ఏళ్ల పాటు పరిశ్రమ ఆ వరం మీద బతికింది. 2005 ప్రాంతంలో అది ఆగిపోయింది. లీకేజీ, అంటే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కారిపోయే కరెంటు, పెరగడంతో వోల్టేజీ ఒక వోల్టు చుట్టుపక్కలే ఇరుక్కుపోయింది. అప్పటి నుంచి పొదుపు దానంతట అది రావడం లేదు, ఒక్కో వాటూ చెమటోడ్చి సంపాదించాల్సి వస్తోంది.

ఇక రాబోయేవాటి సంగతి. డెస్క్‌టాప్‌లకు నోవా లేక్ తరం 2026 చివరికి వస్తుందని ఇంటెల్ చెప్పింది. దాని ముక్కలు కొన్ని సొంత ఫ్యాక్టరీల్లో, కొన్ని బయట తయారవుతాయని కూడా చెప్పింది. ఏఎండీ తర్వాతి తరం జెన్ 6. దాని సర్వర్ రూపం వెనిస్, టీఎస్‌ఎంసీ 2 నానోమీటర్ల ప్రక్రియలో తయారవుతోంది. ఇంతవరకు అధికారికం. నోవా లేక్‌లో 52 కోర్ల దాకా ఉంటాయనీ, జెన్ 6లో ఒక్కో కోర్ ముక్కలో ఎనిమిదికి బదులు పన్నెండు కోర్లు ఉంటాయనీ చాలాకాలంగా వినబడుతున్నది మాత్రం లీకుల మాట. లీకులు అబద్ధమనేం లేదు గానీ, వాటిలో కోర్ల లెక్క తరచు నిజమవుతుంది, శాతాల లెక్క తరచు తప్పుతుంది.

అధికారిక శాతాల్లో ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నది వెనిస్ మీద ఏఎండీ చెప్పిన 70 శాతం. పాత తరం సర్వర్ చిప్ కంటే పనితీరులోనూ సామర్థ్యంలోనూ ఆ మేర మెరుగని కంపెనీ మాట. డెస్క్‌టాప్ జెన్ 6 కూడా 70 శాతం వేగంగా ఉంటుందని దీన్ని పట్టుకుని అల్లేవాళ్లున్నారు. పాత చిప్‌లో గరిష్ఠంగా 192 కోర్లు, వెనిస్‌లో 256. కోర్లే 33 శాతం పెరిగాయి. 1.7ను 1.33తో భాగిస్తే ఒక్కో కోరు వాటాకు మిగిలేది 27 శాతం లాంటిది. అందులో కొత్త ప్రక్రియది కొంత, మెమరీ బ్యాండ్‌విడ్త్ పెరగడానిది కొంత, కోరు డిజైన్‌ది కొంత. పైగా సర్వర్ చిప్ గీత మీద మధ్యభాగంలో నడుస్తుంది, అక్కడ ప్రక్రియ లాభం పూర్తిగా దక్కుతుంది. డెస్క్‌టాప్ చిప్‌ను కొనకు తోసి నడుపుతారు.

పన్నెండు కోర్ల ముక్క నిజమే అనుకుని డెస్క్‌టాప్ లెక్క వేసి చూడొచ్చు. రెండు ముక్కలు పెడితే 24 కోర్లు, ఇప్పటి పదహారు మీద 50 శాతం ఎక్కువ. 7950ఎక్స్ నాటి నుంచి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పరిమితి 230 వాట్లు. అది అలాగే ఉంటే, డేటా రాకపోకలు చూసే ముక్క వాటాను పక్కన పెట్టినా, ఒక్కో కోరుకు అందేది పద్నాలుగు వాట్ల చిల్లర నుంచి 9.6 వాట్లకు పడిపోతుంది. మూడో వంతు కోత. 2 నానోమీటర్ల ప్రక్రియ ఇస్తానంటున్న 25 నుంచి 30 శాతం పొదుపు, జెన్ 5 వాడే 4 నానోమీటర్ల నుంచి 3కి వచ్చేటప్పుడు కలిసొచ్చే మరికొంత, ఈ కోతను పూడ్చడానికే సరిపోతాయి. అంటే కొత్త ప్రక్రియ తెచ్చిన పొదుపంతా అదనపు కోర్లను పోషించడానికి పోతుంది. ఫలితంగా అన్ని కోర్లూ వాడే పనుల్లో 40, 50 శాతం లాభం వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గోడ ప్లగ్గు నుంచి లాగే కరెంటు మాత్రం అంతే. ఒక్క కోరు మీద నడిచే పనుల్లో 10 నుంచి 15 శాతం వస్తే మంచి తరం కిందే లెక్క.

అన్ని కోర్లూ వాడే పనులు ఎన్ని ఉన్నాయన్నది వేరే ప్రశ్న. ఒక ప్రోగ్రాములో పదో వంతు పని ఎలా చేసినా ఒక్క కోరు మీదే నడవాలనుకుందాం. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం ప్రకారం 24 సమానమైన కోర్లతో అది 7.3 రెట్లు వేగవంతమవుతుంది. 52 కోర్లతో 8.5 రెట్లు. కోర్లు రెట్టింపు కంటే ఎక్కువయ్యాయి, లాభం 17 శాతం. లీకుల ప్రకారం ఆ 52లో ఎక్కువ భాగం చిన్న కోర్లే కాబట్టి నిజానికి అంత కూడా రాదు. అందరూ పంచుకునే మెమరీ దారి కూడా ఇరుకు. డెస్క్‌టాప్ బోర్డులకు ఉన్నది రెండు చానెళ్ల డీడీఆర్5 రకం ర్యామ్. 6400 వేగం ర్యామ్‌తో సెకనుకు 102 గిగాబైట్లు. 24 కోర్లు పంచుకుంటే తలా నాలుగు గిగాబైట్లు దాటి దక్కుతుంది, 52 పంచుకుంటే రెండు కూడా దక్కదు. ర్యామ్ వేగం పెరిగితే కొంత సర్దుకుంటుంది. అయినా పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేసేవాళ్లు, త్రీడీ రెండరింగ్ చేసే స్టూడియోలు తప్ప, మిగతా వాళ్లకు ఈ కోర్ల జాతర చూసి ఆనందించడానికే.

వేగమూ పొదుపూ ఒకేసారి దక్కే చోటు డెస్క్‌టాప్ రంగంలో ప్రస్తుతం ఒకటే కనిపిస్తోంది, అది క్యాష్, అంటే చిప్ మీదే ఉండే చిన్న మెమరీ. కోరుకు కావలసిన డేటా చిప్ మీదే దొరికితే ర్యామ్ దాకా వెళ్లే పని తప్పుతుంది. ఎదురుచూపు తగ్గుతుంది, బిట్లను బోర్డు మీదుగా మోసే కరెంటు కూడా మిగులుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీన్ని రుజువు చేసింది. కోర్ ముక్క మీద 64 మెగాబైట్ల క్యాష్‌ను అదనంగా పేర్చి, మొత్తాన్ని 96 చేశారు. క్లాక్ వేగం మామూలు 5800ఎక్స్ కంటే తక్కువ. అయినా ఆటల్లో దాన్ని దూరంగా వదిలేసి, 241 వాట్ల ఇంటెల్ చిప్‌తో సమఉజ్జీగా నిలిచింది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు. వేడి నేరుగా కూలర్‌కు చేరుతోంది కాబట్టి క్లాక్‌లో కోత కూడా చాలావరకు పోయింది. 9700ఎక్స్ నిరాశ పరిచిన మూడు నెలలకే, అవే జెన్ 5 కోర్లతో అదే కంపెనీ ఆటల్లో మొదటి స్థానం కొట్టింది. తేడా అంతా కోర్లకు డేటా అందించడంలో ఉంది.

క్యాష్‌ను పేర్చడం వెనుక ఒక ఇబ్బంది కూడా ఉంది. ప్రక్రియ మారినా క్యాష్ మెమరీ చిన్నదవడం దాదాపు ఆగిపోయింది. టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ల ప్రక్రియలో ఒక బిట్ పట్టే చోటు 0.021 చదరపు మైక్రాన్లు. 3 నానోమీటర్లలో ఎక్కువగా వాడుతున్న రకంలోనూ అంతే. అంటే చిప్పులు చెక్కే ఖరీదైన కొత్త సిలికాన్ బిళ్ల (వేఫర్) మీద క్యాష్ పెట్టడం డబ్బు దండగ. పాత, చవకైన ప్రక్రియలో విడిగా చేసి అతికించడమే తెలివైన పని. నోవా లేక్‌లో కూడా పెద్ద క్యాష్ ఉన్న రకాలు వస్తాయన్న వార్తలకు ఈ కారణంగానే ఎక్కువ విలువ ఇవ్వాలి. యారో లేక్ తన మెమరీ జాప్యంతో ఆటల్లో ఒక చిన్న గొయ్యి తవ్వుకుంది. దాన్ని పూడ్చినా చాలు, నోవా లేక్ ఆటల శాతాలు ఏఎండీ శాతాల కంటే పెద్దవిగా కనబడతాయి. అంతమాత్రాన చిప్ గొప్పదని కాదు.

ఎవరూ గ్రాఫు గీయని భాగం ఒకటి మిగిలింది, ఖాళీగా ఉన్నప్పటి ఖర్చు. కోర్లు ఒక ముక్కలో, మెమరీ కంట్రోలర్ వేరే ముక్కలో ఉండే డెస్క్‌టాప్ రైజెన్లు ఏ పనీ లేనప్పుడు కూడా 20 నుంచి 30 వాట్లు లాగుతుంటాయి. ముక్కల మధ్య లింకు నిద్రపోదు. ఒకే ముక్కగా తయారైన చిప్పులు ఇందులో ఎంతో నయం. బ్రౌజర్ తెరిచి వదిలేసే ఆఫీసు కంప్యూటర్‌కు, రాత్రంతా ఆన్‌లో ఉండే ఇంటి సర్వర్‌కు ఈ సంఖ్యే ముఖ్యం. 20 వాట్ల తేడా, రోజంతా, నెలంతా అయితే 14.4 యూనిట్లు. అదే 100 వాట్ల తేడా ఉన్న రెండు చిప్పుల మీద రోజుకు ఆరు గంటలు పూర్తి లోడుతో రెండరింగ్ నడిపితే నెలకు 18 యూనిట్లు. రెంటికీ పెద్ద దూరం లేదు. రివ్యూలు మాత్రం రెండోదాన్నే కొలుస్తాయి. 2025లో వచ్చిన రైజెన్ ఏఐ మ్యాక్స్ చిప్పుల్లో ముక్కలను కలపడానికి ఏఎండీ తక్కువ కరెంటుతో నడిచే కొత్త వైరింగ్ వాడింది. అలాంటిది డెస్క్‌టాప్ జెన్ 6లోకి వస్తే, కోర్ల సంఖ్య కంటే అదే పెద్ద వార్త. ఆ వార్తకు హెడ్‌లైన్ మాత్రం దొరకదు.

యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా ఆ 18 యూనిట్లు నెలకు 162 రూపాయలు. మామూలు ఇంటికి ఇదో సమస్య కాదు. నలభై యంత్రాలు నడిపే హైదరాబాద్ గ్రాఫిక్స్ స్టూడియోకు 720 యూనిట్లు, ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ ఖర్చు అదనం. తెలుగు ప్రాంతాల్లో వాట్లు బిల్లు కంటే ముందు వేసవిలో, యూపీఎస్‌లో తగులుతాయి.

రివ్యూలు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. 95 డిగ్రీల దగ్గర తనను తాను కట్టడి చేసుకునే చిప్‌కు అక్కడ 75 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గది 42 డిగ్రీలకు చేరితే ఆ వెసులుబాటు 53కు పడిపోతుంది. అదే కూలర్ బయటికి పంపగల వేడి దాదాపు 30 శాతం తగ్గినట్టు. 230 వాట్లు మోయగల కూలర్ అప్పుడు 160 వాట్ల కూలర్ అవుతుంది, చిప్ ఆ మేరకు క్లాక్ దించుకుంటుంది. గీత కొనభాగంలో ఉంది కాబట్టి వేగంలో నష్టం అంతగా ఉండదు. కానీ డబ్బు పెట్టి కొన్నది ఆ కొనభాగాన్నే కదా! మన ఎండలకు 65, 105 వాట్ల తరగతి చిప్పే రివ్యూలో చూపిన వేగాన్ని ఏడాది పొడవునా ఇవ్వగలదు. యూపీఎస్ సంగతి ఇంకా మొరటుగా ఉంటుంది. ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లు. 250 వాట్ల ప్రాసెసర్‌కు ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు తోడైతే, కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ కూడా పోతుంది.

ఆగాలా, కొనాలా అన్న ప్రశ్నకు 2025 చివర్లో ప్రాసెసర్లతో సంబంధం లేని ఒక జవాబు వచ్చి పడింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో జనానికి నేరుగా అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు డిసెంబరులో ప్రకటించింది. నోవా లేక్‌కు కొత్త సాకెట్, అంటే కొత్త మదర్‌బోర్డు, తప్పదన్న మాట గట్టిగా వినిపిస్తోంది. ఇంకా పాత రకం డీడీఆర్4 ర్యామ్ మీద ఉన్నవాళ్లకు రెండు వైపులా ర్యామ్ ఖర్చు తప్పదు, ప్రాసెసర్‌లో వచ్చే 15 శాతం లాభాన్ని ఆ ధర ఎప్పుడో మింగేసింది. ఏఎండీ ఏఎం5 సాకెట్ ఉన్న బోర్డు ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ఆ సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ మాటిచ్చింది. రైజెన్ 5 7600తో ఆటలాడుతూ జెన్ 6 కోసం చూస్తున్న వాళ్లకు, పాత ర్యామ్‌తోనే, పాత బోర్డులోనే, ఒక బయోస్ అప్‌డేట్‌తో పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్3డీ చిప్ ఈరోజే కూర్చుంటుంది.